అరుదైనదానికి ఎక్కువ మార్కులు

ఒక పెద్ద అడవిలో విశ్వవిద్యాలయం ఒకటి వెలిసింది. అడవికి అదెందుకని ఎవరూ అడగలేదు. పక్క అడవిలో ఉంది కాబట్టి మనకూ ఉండాలన్నది సింహం, అంతే. అందులో అన్నిటికంటే పేరున్నది జీవశాస్త్ర విభాగం. ఆ విభాగంలో జీవం ఉన్నది అధిపతి ఒక్కడికే. మిగతావాళ్లంతా సీసాల్లో ఉండేవాళ్లు.

అధిపతి బట్టమేక పిట్ట. గడ్డి మైదానాల్లో మెడ నిక్కించుకుని నడిచే పెద్ద పక్షి ఆయన. ఆ మెడ వంచి నేల మీద ఎవరున్నారో చూసిన పాపాన పోలేదు. అడవి మొత్తానికి తన జాతిలో మిగిలింది తానొక్కడేనని ప్రతి సభలోనూ చెప్పుకునేవాడు. మిగతావాళ్లు ఏమయ్యారని అడిగితే మ్యూజియంలోకి తీసుకెళ్లి బీరువా చూపించేవాడు. అందులో అన్నదమ్ములు, పినతండ్రి, మేనల్లుడు, ఒంట్లో దూది కూరించుకుని వరసగా నిలబడి ఉండేవాళ్లు. శాస్త్రానికి బంధుత్వాలు ఉండవనేవాడు. నిజమే, ఆయనకు మిగల్లేదు.

ఒక ఏడాది అడవి బోసిపోయిందని సింహం గమనించింది. జాలి వల్ల కాదు, వరసగా రెండు పూటలు వేట దొరక్కపోవడం వల్ల. జీవవైవిధ్యాన్ని వెంటనే కాపాడమని విశ్వవిద్యాలయానికి ఆజ్ఞ వెళ్లింది. కాపాడారో లేదో చూడటానికి తనిఖీ బృందం వస్తుందని కూడా అందులో ఉంది.

అధిపతి సంరక్షణలో శిక్షణ కోర్సు పెట్టాడు. చేరినవాళ్లు పాఠాలు వినాలి, చివర్లో ప్రాక్టికల్ పరీక్షకు నమూనాలు పట్టి తెచ్చి సమర్పించాలి. కప్పను తెస్తే పాసు మార్కులు. చెవులపిల్లిని తెస్తే రెండో శ్రేణి. అరుదైనదాన్ని తెస్తే మొదటి శ్రేణి, పైగా విభాగంలో ఉద్యోగం.

నక్క, ముంగిస, అడవిపిల్లి మొదటి రోజే చేరిపోయాయి. తమ పిల్లలకు చదువంటే ఇంత ఇష్టమని వాటిని కన్నవాళ్లకే తెలియదు. ఇదివరకు గూళ్ల దగ్గర దొరికిపోతే నక్క, తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసం అన్నట్టు ఏదో ఒకటి చెప్పి జారుకునేది. ఇప్పుడు మెడలో గుర్తింపు కార్డు వేసుకుని పట్టపగలే వెళుతోంది. పిట్టలు ఏడిస్తే శాస్త్రానికి సహకరించమని మందలిస్తోంది. పట్టినవాటిలో సగం దారిలో పాడైపోయాయని మూతి తుడుచుకుంటూ చెబుతోంది.

వాగులో కప్పల అరుపులు ఆగిపోయాయి. మ్యూజియంలో కొత్త అరలు వెలిశాయి. జీవవైవిధ్యం ఇంతగా పెరిగిన సంవత్సరం మరొకటి లేదని అధిపతి సింహానికి నివేదిక పంపాడు. సీసాలను చూసి మాట్లాడితే అది అబద్ధం కూడా కాదు.

అలాంటి రోజుల్లో అలుగు తన పిల్లను తోక మీద ఎక్కించుకుని విభాగానికి వచ్చింది. ఒళ్లంతా పొలుసులతో, చీమలూ చెదలూ తిని బతికే సాధు జీవి. దాని జాతిలో తనూ పిల్లా తప్ప ఎవరూ మిగల్లేదు. బయటికి రావాలంటే భయం, రాకపోతే ఆకలి. అడగందే అమ్మైనా పెట్టదు కదా అని, సంరక్షణ కావాలని దరఖాస్తు రాయించుకుని తెచ్చింది. పాపం, సంరక్షణంటే కాపాడటమని ఎవరో చెబితే నమ్మింది.

అధిపతి మొహం వెలిగిపోయింది. అలుగుకు కుర్చీ వేయించాడు.

"ఎంత మంచిపని చేశావమ్మా. మేమే నిన్ను వెతుక్కుంటూ రావలసింది. నీకు పెద్ద సీసా, పిల్లకు చిన్న సీసా. ఒకే అరలో ఎదురెదురుగా పెట్టిస్తాను. తల్లీబిడ్డల్ని విడదీశామన్న మాట మా విభాగానికి రాకూడదు."

"సీసాలో ఊపిరాడదు కదయ్యా," అంది అలుగు.

"ఊపిరి తాత్కాలికం తల్లీ. ఫార్మలిన్ శాశ్వతం."

అలుగు వెనక్కి తిరిగితే గుమ్మంలో నక్క నిలబడి ఉంది. అప్పుడది తనకు చేతనైన ఒకే ఒక్క పని చేసింది. పిల్లను పొట్టలో దాచుకుని ఉండలా చుట్టుకుపోయింది.

ముంగిస లాగింది, అడవిపిల్లి గీరింది, ఉండ విప్పుకోలేదు. ఆ ఉండ ఏ సీసా మూతిలోనూ పట్టలేదు. ఎంతసేపని బిగబట్టుకుంటుంది, పరీక్ష నాటికి అదే అలిసిపోతుందిలెమ్మని అధిపతి దాన్ని బల్ల కిందికి దొర్లించాడు. దాన్ని నక్క తెచ్చిన నమూనాగా రాసుకున్నాడు. చీకట్లో తల్లికి పిల్ల గుండె కొట్టుకోవడం వినిపిస్తూనే ఉంది. ఆ చప్పుడు ఆగకపోతే చాలు, దానికి ఇంకేమీ అక్కర్లేదు.

పరీక్ష రోజునే తనిఖీ బృందమూ వచ్చింది. దాని పెద్ద ఎలుగుబంటి. భోజనంలో తేనె కాస్త ఎక్కువే వడ్డించారు కాబట్టి ప్రసన్నంగా ఉంది. ముంగిసా అడవిపిల్లీ కప్పలతో, చెవులపిల్లులతో గట్టెక్కాయి. నక్క గర్వంగా ఉండను ముందుకు దొర్లించింది.

నమూనా మొహం కనిపించకపోతే మార్కులు వేయడం కుదరదని ఎలుగుబంటి తేల్చేసింది. వేరేది ఇవ్వవచ్చా అని నక్క అడిగింది. ఇంతకంటే అరుదైనదైతే ఇవ్వవచ్చని ఎలుగుబంటి చెప్పింది.

నక్క అధిపతి వైపు తిరిగింది.

"గురువుగారూ, అలుగులు ఇద్దరున్నారు. మీరు ఒక్కరే కదా?"

శిష్యుడు బృందం ముందు తనను పొగుడుతున్నాడనుకున్నాడాయన. మెడ ఇంకాస్త నిక్కించి, "ఒక్కణ్ణే," అన్నాడు అందరికీ వినపడేట్టు.

ముంగిస వెళ్లి తలుపు మూసింది.

అప్పటికి ఆయనకు విషయం తలకెక్కింది. ఈ నిబంధన విద్యార్థులు తెచ్చే జంతువులకే గానీ ఆచార్యులకు వర్తించదని వాదించాడు. ఎలుగుబంటి నిబంధనలన్నీ ఓపిగ్గా తిరగేసింది.

"ఆచార్యులకు మినహాయింపు ఎక్కడా లేదండీ. వీటిని తయారుచేసింది ఎవరు?"

ఆయనకు పద్ధతి ప్రకారం ముందు శాలువా కప్పారు. తర్వాత దూది తెచ్చారు.

విభాగానికి అత్యున్నత శ్రేణి వచ్చింది. అధిపతి తన సర్వస్వాన్నీ విభాగానికి అంకితం చేశాడని బృందం ప్రత్యేకంగా ప్రశంసించింది. నక్కకు మొదటి శ్రేణి వచ్చింది, అధిపతి ఉద్యోగం కూడా అప్పుడే ఖాళీ అయింది. ఆ చప్పట్ల హడావుడిలో ఉండ మెల్లగా విప్పుకుంది. తల్లి పిల్లను ఎక్కించుకుని గోడ వారగా జారుకుంది. అడవి చివర రాళ్లగుట్టలో లోతుగా బొరియ తవ్వుకునేదాకా ఎక్కడా ఆగలేదు.

కొత్త అధిపతి అలుగుల కోసమే ప్రత్యేక సంరక్షణ కేంద్రం తెరిచి గుట్ట దగ్గర దండోరా వేయించాడు. దరఖాస్తు కూడా అక్కర్లేదు, వస్తే చాలన్నాడు. లోపల అలుగు బొరియ నోటికి మరికాస్త మట్టి ఎగదోసింది.

నీతి: బతకాలన్న కోరిక ఉన్న జీవి సంరక్షణకు దరఖాస్తు పెట్టుకోరాదు.