తొమ్మిది సిలిండర్ల ఇంజను

ఆ రోజు పొద్దున పళ్ళ డాక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ముందు మామగారి దవడ పన్నుకు లోహపు తొడుగు బిగించాలి. తర్వాత క్లినిక్ తలుపు కాసేపు మూసి, కొరియర్లో రాబోయే ఇంజనును కళ్ళారా చూసుకోవాలి.

ఇంజనంటే కారుది కాదు. డాక్టరుగారు పాతకాలపు యుద్ధ విమానాలను అచ్చు గుద్దినట్టు బుల్లిబుల్లిగా తయారు చేస్తారు. ఈసారి చేస్తున్నది అరచేతిలో ఇమిడిపోయేటంత చిన్నది. దాని విడిభాగాల పెట్టెలో వచ్చిన ప్లాస్టిక్ ఇంజను చొక్కా గుండీలా చదునుగా ఉంది. అది చూసినప్పటి నుంచి ఆయనకు తిండి సయించలేదు. పాత ఫోటోలను భూతద్దంతో పరీక్షించి, అసలు విమానానికి మొదట్లో ఒక రకం ఇంజను, తర్వాత ఇంకో రకం వాడారని తేల్చుకుని, ఇలాంటివి విడిగా పోతపోసి అమ్మే దుకాణాలన్నీ గాలించి, చివరికి చుట్టూ నక్షత్రపు మొనల్లా తొమ్మిది సిలిండర్లున్న ఇంజను ఒకటి ఎంచుకున్నారు.

"నన్ను చేసుకునేటప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు మీరు" అంది భార్య. క్లినిక్లో ముందు గది వ్యవహారమంతా ఆవిడదే.

మామగారు తూనికలు కొలతల శాఖలో ఇన్స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. అల్లుడి విమానాలంటే ఆయనకు ఒళ్ళుమంట. కుర్చీలో వెనక్కి వాలుతూనే మొదలుపెట్టారు.

"ఈ వయసులో బొమ్మలేంటి అల్లుడుగారూ? నలుగురికీ తెలిస్తే నోరు చూపిస్తారా మీకు?"

అల్లుడు జవాబుగా మత్తు సూది ఇచ్చారు. మామగారి దవడ మొద్దుబారి, మాట ముద్దయిపోయింది. సరిగ్గా అప్పుడే కొరియర్ వచ్చింది.

"ఏవండీ, మీ ముద్దుల ఇంజను!" అంటూ భార్య చిన్న డబ్బా ఇచ్చి వెళ్ళింది. డాక్టరుగారు ఆగలేకపోయారు. దూదిలోంచి చిటికెన వేలి గోరంత ఇంజను తీసి, తీరిగ్గా చూసుకోవచ్చని ట్రేలో తొడుగు పక్కన పెట్టారు. ఆ తర్వాత ఆయన కళ్ళు మామగారి నోట్లో, మనసు ట్రేలో ఉన్నాయి. చెయ్యి మాత్రం ఎవరి మాటా వినకుండా పట్టకారుతో ఏదో అందుకుని పన్ను మీద పెట్టేసింది.

"గట్టిగా కొరకండి మామయ్యగారూ."

"ఏదో గరుగ్గా ఉందయ్యా" అన్నారు మామగారు ముద్దముద్దగా.

"కొత్తది కదా, అలవాటైపోతుంది."

మామగారికి తుమ్ము వచ్చింది. తర్వాత గుటక పడింది. తర్వాత కళ్ళు పెద్దవయ్యాయి. "మింగేశాను!"

"కంగారు పడకండి. తొడుగే కదా. దానంతటదే బయటికి వచ్చేస్తుంది" అని డాక్టరుగారు నిబ్బరంగా ట్రే వైపు తిరిగారు. తొడుగు ట్రేలోనే తళతళలాడుతోంది.

ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "అయ్యో, నా ఇంజను!"

పరుగెత్తుకొచ్చిన భార్య నిలువునా కొయ్యబారిపోయింది. "మా నాన్న ఇలా కూర్చుంటే మీ ఇంజనా మీకు?"

ఇంజనుకు ముందువైపు మొనదేలిన ఇరుసు ఉంది. పైగా అది సీసం కలిసిన లోహం. ఈ రెండూ గుర్తొచ్చేసరికి డాక్టరుగారు కారు తాళాలు అందుకున్నారు. ముగ్గురూ కారులో పెద్దాసుపత్రికి పరుగుతీశారు.

"ఏం మింగారు?" అని అడిగింది కౌంటర్లో అమ్మాయి.

"ఇంజనండీ."

"ఇంజెక్షనా?"

"ఇంజను. యుద్ధ విమానానిది."

ఆ అమ్మాయి ముగ్గురినీ ఎగాదిగా చూసి, "మనసు డాక్టరుగారు పై అంతస్తులో ఉంటారండీ" అంది మెత్తగా.

ఎలాగో పొట్ట డాక్టరు దగ్గరికి చేరారు. ఆయన ఎక్స్‌రే తీయించి, తెర మీద పెట్టి, కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశారు. మామగారి కడుపులో తెల్లటి నక్షత్రం ఒకటి మెరుస్తోంది.

"ఇది... నిజంగానే ఇంజను!" అన్నారాయన నోరెళ్ళబెట్టి.

పళ్ళ డాక్టరుగారు తెరకు ముక్కు ఆనించి సిలిండర్లు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. "అయ్యో! ఏడే ఉన్నాయి! రెండు లేవు!" అని గావుకేక పెట్టారు.

భార్య కుర్చీలో కూలబడింది. "రెండు ముక్కలు విరిగి ఎక్కడికి పోయాయండీ?" అంటూ ఏడుపు లంకించుకుంది. పొట్ట డాక్టరు ముఖం పాలిపోయింది. మెడకు ఒక ఎక్స్‌రే, ఛాతీకి ఒకటి, పక్కకు తిప్పి ఇంకొకటి తీయించారు. నర్సులు పరుగులు పెట్టారు. ఊపిరితిత్తుల దగ్గర ఒకటి దొరికిందని ఎవరో అరిచారు. తీరా చూస్తే అది మామగారి చొక్కా గుండీ. ఆపరేషన్ డాక్టరుకు కబురు వెళ్ళింది.

ఇంత జరుగుతున్నా పళ్ళ డాక్టరుగారు తెర ముందు శిలలా నిలబడిపోయారు. ఆపరేషన్ అన్న మాట చెవిన పడ్డాక గానీ తెలివిలోకి రాలేదు.

"ఆగండి! విరగలేదండీ" అన్నారు. "మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు, అది అసలు ఏడు సిలిండర్లదే. దుకాణంవాడు తప్పు ఇంజను పంపాడు."

భార్య కన్నీళ్ళు చటుక్కున ఆగిపోయాయి. ఆవిడ చూసిన చూపుకు డాక్టరుగారు గోడకు ఇంకో అడుగు దగ్గరగా జరిగారు.

పొట్ట డాక్టరు నోట్లోంచి కెమెరా గొట్టం దించి, చిన్న వలతో ఇంజనును క్షేమంగా పైకి లాగారు. ఇరుసు కూడా వంగలేదు. మత్తు దిగాక మామగారు మెల్లగా కళ్ళు తెరిచారు. కూతురు జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది. అల్లుడు మంచం పక్కన తల వంచుకుని, పడబోయే చీవాట్ల కోసం నిలబడ్డారు.

మామగారు లేచి కూర్చున్నారు. ముఖం ఎర్రబడింది. "అల్లుడుగారూ, మీరు అడిగింది ఎన్ని?"

"తొమ్మిది, మామయ్యగారూ."

"వాడు పంపింది?"

"ఏడు."

"అంటే నేను మింగింది తక్కువ సరుకా?" ఆసుపత్రి మంచం కిర్రుమంది. "వాడి నంబరు కొట్టండి!"

ఫోను స్పీకర్లో పెట్టారు. దుకాణంవాడు వినయంగా, "వాడిన వస్తువు వాపసు తీసుకోమండీ" అన్నాడు.

"వాడలేదయ్యా, మింగాను!"

"ఏంటండీ, మింగారా?" అన్నాడు దుకాణంవాడు.

"అరగలేదు కూడా. ఉన్నది ఉన్నట్టుంది. ఎక్స్‌రే పంపిస్తా, నువ్వే లెక్కపెట్టుకో. నా సర్వీసులో తూకం రాయి బరువు తక్కువైతే కొట్టు మూయించాను. సిలిండర్లు తక్కువైతే ఊరుకుంటాననుకున్నావా?"

సరైన ఇంజను మామగారి పేరు మీదే వచ్చింది. అల్లుణ్ణి ముట్టుకోనివ్వకుండా ఆయనే భూతద్దంతో తొమ్మిదీ లెక్కపెట్టారు. తర్వాత విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎడమ రెక్క వెంట్రుకవాసి పొట్టిగా ఉంది, ఊడదీయండి" అన్నారు. ఇప్పుడు ప్రతి ఆదివారం మామా అల్లుళ్ళు ఒకే బల్ల దగ్గర తలలు ఆనించుకుని కూర్చుంటున్నారు.

పన్ను తొడుగు మాత్రం ఆయన వేరే డాక్టరు దగ్గర వేయించుకున్నారు.