ఊదాపువ్వు చిరునామా

ఆ గురువారం ఎలీయేజరు మాస్టారి పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం పాసెంజరు వేళకు అరకు స్టేషనుకు వెళ్లాలి. విశాఖపట్నం నుంచి వచ్చే వృక్షశాస్త్రం లెక్చరరు సత్యకుమారిగారిని వెంటబెట్టుకుని, గెడ్డ, అంటే కొండవాగు, వారనున్న అడవిలోకి వెళ్లి ఒక పువ్వును చూపించాలి. అంతే.

మిషను బడిలో పాఠాలు చెప్పే మాస్టారు ఆ పువ్వును మూడేళ్ల కిందట చూశారు. పెద్ద చెట్ల నీడలో, తడి ఆరని వాలు మీద, చిన్న చామంతిలా ఊదారంగులో పూసింది. చుట్టుపక్కల ఇంకెక్కడా కనిపించలేదు. ఎండబెట్టి పంపితే సత్యకుమారిగారు జవాబు రాశారు. "చామంతి కుటుంబమే. ఎండిన పువ్వుతో పేరు తేలదు, తాజాది కావాలి. అంతకన్నా ముఖ్యం, అది పెరిగే చోటు చూడాలి. ఎంత నీడ, ఎలాంటి నేల అన్నది తెలియాలి. నేను వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి."

మాస్టారు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. సోమవారం ఫారెస్టరు సర్వేశ్వరరావుతో ఒక్క మాట మాత్రం అన్నారు.

"మేడమ్ గారొస్తున్నారండి. దారిలో ముళ్లున్నాయి. కాస్త బాగుచేయిస్తే..."

"మేడమ్ గారంటే పెద్దవారేనా అండి?"

"చాలా పెద్దవారండి," అన్నారు మాస్టారు, చదువును తలచుకుని.

సాయంత్రానికి ఆఫీసులో ఆ పెద్దచదువు పెద్ద హోదా అయింది. మంగళవారానికి అది తనిఖీ అయింది. బుధవారం పొద్దున్నే సర్వేశ్వరరావు అడవికి కాపలా ఉండే ఆ కొండవాడు, వాచరు సోంబరును పిలిచాడు.

"దారొక్కటే సాలదు. అటూ ఇటూ శుభ్రం సేయించు. మేడమ్ గారు తలెత్తితే ఆకాశం కనపడాల. బేగి!"

గురువారం సత్యకుమారిగారు భూతద్దంతో బండి దిగారు. మాస్టారు ఉత్సాహంగా ముందు నడిచారు. దారికి రెండువైపులా సున్నం కొట్టిన రాళ్లు కనబడగానే ఆయన నడక తగ్గింది. గెడ్డ దగ్గర పూర్తిగా ఆగిపోయింది. కొమ్మలన్నీ నరికేశారు. వాలంతా ఎర్రమట్టి తేలి, ఎండలో మెరుస్తోంది.

సర్వేశ్వరరావు ఎదురొచ్చి మేడమ్ మెడలో దండ వేశాడు. ఊదారంగు దండ.

"ఇక్కడ పూసినవేనండి. ఒక్కటి వదలకుండా కోయించాం. మళ్లీ మొలిచి అడ్డం రాకుండా మొక్కలు పీకించి తగలబెట్టించేశాం."

సత్యకుమారిగారు దండ తీసి చేతిలో పట్టుకున్నారు. రాయి మీద కూర్చుని, దండలోంచి ఒక పువ్వు తీసి భూతద్దం కింద రేకు రేకూ విప్పి చూశారు.

"పేరు తెలిసింది మాస్టారూ," అన్నారు చివరికి. "ఈ కొండల్లో ఇది ఉందని ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు."

మూడేళ్లు ఎదురుచూసిన మాట అది. విని మాస్టారు తల దించుకున్నారు.

సోంబరు మెల్లగా అన్నాడు. "నీడ తీసేత్తే ఇది బతకదమ్మా. మాకెరికే."

"ఎరికైతే చెప్పలేదేం?" అన్నారు మాస్టారు.

"నరకమన్నారు, నరికినాం. ఎవులూ అడగనేదు బాబూ. నువ్వూ అడగనేదు."

నిజమే. మూడేళ్లలో మాస్టారు ఎన్ని ఊళ్లకో ఉత్తరాలు రాశారు. రోజూ బడి ముందునుంచే నడిచిపోయే సోంబరును అడగాలని ఒక్కసారి కూడా తోచలేదు.

పొద్దు వాలేదాకా గెడ్డకు రెండువైపులా నలుగురూ వెతికారు. సర్వేశ్వరరావు కూడా, సంగతి అర్థమై, బురదలో మోకాళ్ల మీద పాకాడు. ఒక్క మొక్కా దొరకలేదు.

మరుసటి ఏడు వానలు వెలిశాక మాస్టారు ఒక్కరే వెళ్లి చూశారు. వాలంతా మోకాలెత్తు గడ్డి. చాలాసేపు నిలబడి, నిన్ననే ఎవరినో పాతిపెట్టి వచ్చినవాడిలా వెనక్కి తిరిగారు.

మేకలకు మాత్రం ఆ చోటు బాగా నచ్చింది.