అభిప్రాయానికి రెండు కుండలు

ఆ ఉదయం విరూపాక్ష పెట్టుకున్న పని చిన్నది. ఎనిమిది గంటలకు రెండు కొత్త కుండలను గల్లీ మధ్యలో ఉంచాలి. పది గంటలకు జనాభిప్రాయం తెలుసుకోవాలి. మధ్యాహ్నానికి అధికారికి నివేదిక అందించాలి.

ఎనభై రెండో సంవత్సరం, ఏప్రిల్. జహీరాబాదు అంచున అరవై ఇళ్లున్న ఆ గల్లీకి ఒకే ఒక చేతిపంపు మంజూరైంది. దాన్ని పై కొసన వేయాలో, కింది కొసన వేయాలో గల్లీవాళ్లే తేల్చుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. బోరు లారీ మరునాడే వస్తుంది. ఆలోగా తేలకపోతే ఝరాసంగం వైపు వెళ్లిపోతుంది.

విరూపాక్ష పంచాయతీ సమితి కార్యాలయంలో గుమాస్తా. మనిషిని అడగకుండా అతని మేలు నిర్ణయించడం కూడా హింసేనని నమ్మినవాడు. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఆ నమ్మకంతో పనిపడటం ఇదే మొదలు. చదువు రానివారికి కాగితం అడ్డు కాకూడదని కుండల పద్ధతి ఆలోచించాడు. సున్నపు చార ఉన్న కుండ పై కొసకు, ఎర్రటి జాజు చార ఉన్నది కింది కొసకు. ఇంటికొక చింతగింజ.

గింజలు పంచుతుండగా కింది కొసన అనంతమ్మ గడప దగ్గర లెక్క ఆగింది. జాబితాలో యజమానిగా ఉన్నది ఆమె కొడుకు మాణిక్. అతను కూలికి బొంబాయి పోయి ఆరు నెలలైంది.

"ఇంటి యజమాని లేడు గదా అవ్వా," అన్నాడు విరూపాక్ష.

"ఆడేమన్న నీళ్లు మోస్తడా సారూ? మోసేది నా కోడలు. దానికి తొమ్మిదో నెల. మైలు దూరం పోయి బాయిలకెల్లి తెస్తది. మొన్న మెట్ల మీద జారి పడ్డది. ఆ గింజేదో దానికియ్యి."

విరూపాక్ష జాబితాను మడిచి చంకన పెట్టుకున్నాడు. కోడలు భాగీరథి చేతిలో ఒక గింజ పెట్టాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుంది.

కుండలు రెండూ ఒకదాని వెనక ఒకటి ఉంచిన తర్వాత, రిజిస్టరు కార్యాలయంలోనే మరచిపోయినట్టు గుర్తొచ్చింది. తీసుకురావడానికి వెళ్లాడు. గుర్తు రావలసిన మరో సంగతి మాత్రం రాలేదు. ఆ గల్లీలో నీళ్ల ట్యాంకరు కోసం మనుషులు నిలబడరు. ఖాళీ కుండలు నిలబడతాయి. ఎవరి కుండ ముందుంటే వారి వంతు ముందు. అవి కలిసిపోకుండా ప్రతి ఇల్లూ తన కుండకు సున్నమో జాజో పూసుకుంటుంది.

ఆ రెండింటినీ మొదట చూసింది పై కొస తాజ్ బేగం. "సర్కారోళ్లే కుండలు పెట్టిపోయిన్రంటే ట్యాంకర్ పక్కా," అని తన కుండ తెచ్చి వెనక పెట్టింది. అరగంటలో గల్లీ అంతా పెట్టింది. ఎండ ముదిరితే వరసను గోడనీడకు జరిపారు. జరపడంలో ముందున్న ఆ రెండూ ఎక్కడికి చేరాయో ఎవరూ చూడలేదు.

పది గంటలకు విరూపాక్ష రిజిస్టరుతో వచ్చి నిలబడిపోయాడు.

"ఇది ట్యాంకర్ లైను గాదమ్మా. వీటిల్ల రెండు కుండలు నావి."

"ఎట్లుంటయి సార్?" అంది తాజ్ బేగం.

"ఒకదానికి సున్నం, ఒకదానికి జాజు."

"అన్నీ గవే గదా. జర సోంచాయించు, నీ ఇంటోళ్లు ఇంకేం గుర్తు పెట్టిన్రో."

అతను ఒక కుండ ఎత్తి చూడబోయాడు. "ముట్టకు సారూ. నౌకరి ఉన్నదని లైను తప్పుతవా? పోయి ఎనక నిలవడు," అంది దాని యజమానురాలు. న్యాయమైన మాటే అనిపించి, అతను వెనక్కి వెళ్లి నిలబడ్డాడు.

ఈలోగా గింజలు వేసే ఘడియ వచ్చింది. ఏ కుండలో వేయాలో తెలియనప్పుడు తన కుండకన్నా నమ్మకమైనది లేదని ప్రతి ఇల్లూ అనుకుంది. అరవై గింజలు అరవై కుండల్లో పడ్డాయి. విరూపాక్ష వరస పొడవునా వంగి వంగి చూస్తూ వచ్చాడు. గింజ లేని కుండలు రెండే. ప్రజాభిప్రాయం కోసం పెట్టినవి అవే.

వాటిని ముందుకు తెచ్చి, సంగతి మళ్లీ మొదటినుంచి చెప్పాడు. ఈసారి అందరూ విన్నారు. తమ గింజలు ఏరుకుని, ఎవరి కుండ పక్కన వారు వరసలో నిలబడ్డారు.

"ముందు భాగీరథిని ఎయ్యనియ్యిన్రి. ఎండల ఎంతసేపు నిలవడ్తది," అంది తాజ్ బేగం. తర్వాత మెల్లగా అంది: "నా గింజ గూడ కింది కొసకే. నాకు కాళ్లున్నయ్, నడుస్త."

పై కొస వాళ్లు ఆమెను చూశారు, భాగీరథిని చూశారు. తమవీ కింది కొసకేనన్నారు. భాగీరథి, ఏరుకుని మళ్లీ కొంగున ముడేసుకున్న గింజను విప్పుతోంది.

గల్లీ మొదట్లో జీపు ఆగింది. అధికారి దిగలేదు. విరూపాక్ష పరుగున వెళ్లాడు.

"వరస ముచ్చటగా ఉందయ్యా. ఇక్కడ నల్లా ఎప్పుడు పెట్టారు?"

"నల్లా లేదు సార్. నీళ్లే లేవు."

"నీళ్లే లేని చోట ఇంతమంది కుండలతో వరసగా ఎందుకుంటారు?"

దానికి జవాబుంది. విరూపాక్ష దాన్ని ఒక్క వాక్యంలోకి తెచ్చుకునేసరికి జీపు మలుపు తిరిగింది. సాయంత్రానికి చేతిపంపుల జాబితాలో గల్లీ పేరు కొట్టేసి, పక్కన 'నీళ్లున్నాయి' అని రాసి ఉంది. మరునాడు లారీ ఝరాసంగం వైపు పోయింది. అదే వేళకు భాగీరథి బావి మెట్లు దిగుతోంది.

నివేదిక మాత్రం పంపవలసే వచ్చింది. "గల్లీలో ప్రతి ఇల్లూ పాల్గొన్నది. జాబితాలో లేనివారి మాట కూడా విన్నాము. తుదకు ఏకాభిప్రాయం కుదిరింది," అని రాశాడు విరూపాక్ష. సంతకం చేసేముందు ఎక్కడైనా అబద్ధం ఉందేమోనని రెండుసార్లు చదివాడు, లేదు.