నల్లపెట్ట మాయం

“నేరస్థులు రెండే రకాలు బావా. నాకు దొరికిపోయినోళ్ళు, ఇంకా దొరకనోళ్ళు” అని ప్రకటించి, డిటెక్టివ్ అప్పలసూరి కోడికాలు నోట్లో పెట్టుకున్నాడు.

మొదటి రకంలో ఇంతవరకూ ఒక్కడూ చేరలేదని ఆయన బావమరిది కొండలరావుకి తెలుసు. కానీ ఇంటి అల్లుడికి ఎదురుచెప్పే అలవాటు ఆ ఇంట్లో లేదు. అప్పలసూరి మధురవాడలో ఒక అపార్ట్‌మెంట్‌కి సెక్యూరిటీ సూపర్‌వైజరు. లిఫ్టులో ఇరుక్కున్న పిల్లిని బయటికి లాగిన రోజు నుంచి తనని తాను డిటెక్టివ్ అనుకుంటున్నాడు. సెలవు పెట్టి ఎలమంచిలి పక్కన అత్తారి పొలానికి వచ్చినా యూనిఫాం, బూట్లు, మెడలో విజిల్ మాత్రం వదల్లేదు.

అంతలో కొండలరావు తల్లి సన్యాసమ్మ గాభరాగా పెరట్లోంచి వచ్చింది.

“ఓలమ్మో, నల్లపెట్ట కనపడ్నేదురా కొండలూ! పొద్దున్నించి మేతకి రానేదు. పోతమ్మకి నానేటి సెప్పేది?”

కొండలరావు కంచంలోని ఎముకని అన్నం కింద కప్పేశాడు.

పోతమ్మ జాలరిపేటలో చేపలమ్ముకునే మనిషి, సన్యాసమ్మకి నేస్తం. పెళ్ళికాక ముందు జాతరలో ఒకరికొకరు పసుపు రాసుకుని మరీ నేస్తం కట్టుకున్నారు. సముద్రం ఒడ్డున ఇరుకింట్లో కోడిని పెంచే చోటులేక, నల్లపెట్టని ఇక్కడ పాలుకి పెట్టింది. పిల్లలు లేస్తే చెరిసగం. ఇవాళ ఎండుచేపలు పట్టుకుని, కోడిని చూసుకుపోదామని బస్సెక్కి వస్తోంది.

ఇక అల్లుడొస్తే కోడి తెగాలి. బోడిమెడ కోడిని కొయ్యమని తల్లి చెప్పింది. తెలవారకముందే కొండలరావు గూట్లో చెయ్యిపెట్టి, చేతికందినదాన్ని కోసేశాడు. వెలుగొచ్చాక చూస్తే నల్ల ఈకలు! తల్లి గేదెకి పాలు తీసి వచ్చేలోగా ఈకలన్నీ పెంటపోగులో కప్పెట్టాడు. బతికిపోయిన బోడిమెడదాన్ని పశువుల పాక వెనక గంప కింద దాచాడు. మిగతా సంగతి మసాలా చూసుకుంది. ఇప్పుడా నల్లపెట్ట ముప్పాతిక వంతు అప్పలసూరి కడుపులో ఉంది.

“అత్తా, కంగారుపడకు. ఇది అంతర్జిల్లా ముఠా పని” అంటూ అప్పలసూరి చెయ్యి కడుక్కుని విజిల్ ఊదాడు. గేదె బెదిరి కుడితి తొట్టి తన్నేసింది.

“పెట్టని ఆఖర్న సూసిందెవరు?”

“నానే బాబూ. నిన్న సాయంత్రం గింజలు తిని గడ్డికుప్పకేసి ఎల్లింది. సీకటిపడ్డాక గూట్లో నల్లగా కనపడితే తలుపేసేసాను.”

“అంటే ఏసిన తలుపు ఏసినట్టే ఉంది, కోడి నేదు! ఇందులో ఇంటి మనిసి హస్తం ఉంది!” అని గభాలున వెనక్కి తిరిగాడు. “నువ్వేటంటావ్ బావా?”

“నా... నానేటంటాను?”

“ఏటీ అనవు. ఎర్రిబాగులోడివి.”

దర్యాప్తు పెంటపోగు దగ్గర మొదలైంది. రెండు నిమిషాల్లో అప్పలసూరి చేతిలో నల్ల ఈక! అప్పలసూరి దాన్ని ఎండకి ఎత్తిపట్టి చూశాడు, వాసన చూశాడు, తుమ్మాడు.

“కాకి ఈక. నన్ను దారి తప్పించడానికి ముఠా ఏసిన ఎర” అని పారేశాడు.

కొండలరావు ఊపిరి పీల్చుకుని తల్లివైపు చూశాడు. ఆమె అరుగు మీద కూలబడి కళ్ళొత్తుకుంటోంది. “నమ్మి ఇచ్చిందిరా. కోసుకు తినేసాననుకుంటాది. ఇన్నేళ్ళ నేస్తం ఈ పూటతో సరి” అంది. కొండలరావుకి తన మీద తనకే అసహ్యం వేసింది. ఏమైతే అదే అయిందని నోరు తెరిచాడు.

“అమ్మా, ఆ కోడిని...”

“ఉస్! నాను ఆలోసిత్తన్నాను!” అని అప్పలసూరి కసిరాడు.

తర్వాత వంకాయ మడిలో బూటు గుర్తులు దొరికాయి. అప్పలసూరి వాటి వెంటే వంగి వంగి మడి చుట్టూ తిరిగాడు. రెండోసారి తిరిగేసరికి గుర్తులు ఇద్దరివయ్యాయి. మూడోసారికి ముగ్గురివి.

“పెద్ద ముఠాయే బావా! అందరికీ ఒకటే సైజు బూట్లు!”

ఆయన కాళ్ళకింద నలిగిన వంగమొక్కలు చూసి కొండలరావు ఏడవలేక నవ్వాడు.

అలసిపోయిన డిటెక్టివ్ పాక వెనక్కి పోయి సరాసరి ఆ గంప మీదే కూర్చున్నాడు. కిందనుంచి ‘కొక్... కొక్...’ అని వినపడింది. కొండలరావు కళ్ళు మూసుకున్నాడు.

“మసాలా ఎక్కువైపోనాది బావా” అన్నాడు అప్పలసూరి పొట్ట రాసుకుంటూ. “కడుపులో ఒకటే కూత.”

“ఓ నేస్తం!” అని గట్టుమీంచి కేక. నెత్తిన చేపల తట్టతో పోతమ్మ వస్తోంది. సన్యాసమ్మ మొహంలో నెత్తురుచుక్క లేదు.

“దొంగలు హైవే ఎక్కేత్తన్నారేమో సూత్తాను!” అంటూ అప్పలసూరి పరుగెత్తి గడ్డికుప్ప ఎక్కాడు. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక కాలు ముందుకేశాడు. అక్కడ గడ్డి ఉంది గానీ గట్టిగా లేదు. డిటెక్టివూ, సగం కుప్పా కలిసి నేల మీదికొచ్చాయి.

మరుక్షణం కుప్పలోంచి నల్లపెట్ట రెక్కలు విప్పుకుని ఎగిరి అప్పలసూరి నెత్తిమీద వాలింది. పొడవడం మొదలుపెట్టింది. అది లేచిన గుంటలో పగిలిన డొల్లల మధ్య కోడిపిల్లలు కిచకిచలాడుతున్నాయి.

“ఓసి దొంగముండా! ఇక్కడ పొదిగేసేవే!” అని సన్యాసమ్మ చప్పట్లు కొట్టింది. చీకట్లో గూడు మూసే సన్యాసమ్మకి తెలియకుండా ఇన్నాళ్ళూ ఇక్కడే పొదుగుతూ, రోజూ మేతకి మాత్రం లేచివచ్చే పెట్ట, పిల్లలు లేస్తున్నాయని ఇవాళ కదల్లేదు.

పోతమ్మ తట్ట దించి నేస్తాన్ని కావిలించుకుంది. “నీ సెయ్యి మంచిదే!”

“సెప్పానా? ఇంటి మనిసి పనే! కేసు క్లోజ్!” అన్నాడు అప్పలసూరి, తలని మోచేతుల మధ్య దాచుకుని.

కొండలరావుకి సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత మెల్లగా ఒక అనుమానం వచ్చింది. మరి పొద్దున్న తను కోసింది ఎవర్ని?

“ఒరే కొండలూ!” పక్క పొలం అప్పాయమ్మ కంచె మీంచి తల పెట్టింది. ఆవిడ గొంతు రైలు పట్టాల అవతలికి కూడా వినిపిస్తుంది. “మా నల్లపెట్ట రాత్రి గూటికి రానేదు. మీ గూట్లో ఏటైనా దూరిందేటి?”

అప్పలసూరి లేచి, గడ్డి దులుపుకుని, బెల్టు ఒక కన్నం వదులు చేశాడు. బ్రేవుమని తేన్చి, పొట్ట మీద చెయ్యివేసుకున్నాడు.

“దిగులుపడకు పిన్నీ. నా అనుభవంతో సెప్తన్నాను. నీ పెట్ట ఎక్కడికీ పోనేదు. ఇక్కడే, బాగా దగ్గర్లో ఉంది.”

జీవితంలో మొదటిసారి ఆయన నూటికి నూరుపాళ్ళూ నిజం చెప్పాడు.

కొండలరావు పాక వెనక్కి వెళ్ళి, గంప ఎత్తి, బోడిమెడ కోడిని తెచ్చి అప్పాయమ్మ చేతిలో పెట్టాడు. సన్యాసమ్మ ఆ కోడి వంక చూసింది, అల్లుడి పొట్ట వంక చూసింది, కొంగు నోట్లో కుక్కుకుని గబగబా లోపలికి పోయింది.