టోల్‌కి సరిపడా మనుషులు

యూరప్‌లో టోల్‌గేట్ల దగ్గర డబ్బు తీసుకోరు, మనుషుల్ని తీసుకుంటారు గనక, తణుకులో టైల్స్ షాపు నడిపే పట్టాభి వేసవి ట్రిప్పు అనుకోగానే ముందుగా ఆరా తీసింది బంధువుల్లో పాస్‌పోర్టులు ఎవరెవరికి ఉన్నాయని. ఇందులో వింతేమీ లేదు. వెళ్లొచ్చినవాళ్లంతా అలాగే వెళ్లొచ్చారు. వాళ్ల వీధిలో డాక్టరుగారి కుటుంబం కిందటేడు పెద్ద వ్యాన్ నిండా ఎక్కి వెళ్లి, నలుగురే తిరిగొచ్చి, కొండలు చాలా బాగున్నాయని అందరికీ చాక్లెట్లు పంచారు.

ప్లాను పట్టాభి భార్య హైమవతి వేసింది. ఫ్రాన్స్‌లో నీస్ అనే ఊళ్లో కారు అద్దెకు తీసుకుని ఇటలీలో వెనిస్ దాకా నడుపుకుంటూ వెళ్లాలి. అద్దె కంపెనీవాళ్లు డిపాజిట్ కింద ఒక మనిషిని కౌంటరు పక్కన కుర్చీలో కూర్చోబెట్టుకుంటారు. కారును గీత పడకుండా వెనిస్‌లో అప్పగిస్తే ఆ మనిషిని రైల్లో అక్కడికి పంపిస్తారు. తిరిగొచ్చే మనిషి కదా అని ఆ కుర్చీలోకి హైమవతి తన తమ్ముడు ఫణిని అనుకుంది. ఫ్రాన్స్ గేటుకి షాపులో లెక్కలు రాసే గంగరాజు. ఇటలీలో హైవే ఎక్కేటప్పుడు టికెట్టు చేతికిస్తారు, దిగే గేటు దగ్గర మనిషిని తీసుకుంటారు. ఆ గేటుకి రత్నమాల. కారు ఎవరో ఒకరు నడపాలి కాబట్టి డ్రైవర్ని తీసుకోరు. ఆ మాట తెలిశాక పట్టాభికి ప్రాణం లేచొచ్చింది. వెనిస్ చేరాక మొగుడూ పెళ్లాం పడవెక్కుతారు.

రత్నమాల పట్టాభికి చిన్నాన్న కూతురు. పెళ్లి కుదరక, చిన్నాన్న పోయాక వీళ్లింట్లోనే ఉండిపోయింది. వంట ఆవిడే, పట్టాభి పిల్లలిద్దరినీ స్కూలుకీ ట్యూషన్లకీ కారులో తిప్పేదీ ఆవిడే. పెళ్లిళ్లలో అందరూ వరసగా నిలబడి ఫొటో దిగుతుంటే ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడే మనిషి. అలాంటి రత్నమాల చేతులు రెండూ పట్టుకుని హైమవతి ఒకరోజు, "నువ్వు లేకపోతే ట్రిప్పేముంటుంది రత్నమాలా! నువ్వు రావాల్సిందే" అంది. రత్నమాల కళ్లు చెమర్చాయి. ఎందుకు రమ్మంటున్నారో ఆవిడకి తెలియదనుకునేరు, తణుకులో అది తెలియనివాళ్లు లేరు. తెలిసినా ఆ మాటకి సంతోషమేసింది. భయం ఆ తర్వాత బియ్యం ఏరుతుండగా మొదలైంది. నేనింక ఈ ఇంటికి రానా అనుకుంది. ఇల్లు తనది కాదు, పిల్లలు తనవాళ్లు కారు, అయినా తిరిగి రావాలనుంది.

పిల్లలిద్దరినీ అమ్మమ్మగారింట్లో వదిలి బయల్దేరారు. నీస్‌లో పట్టాభి మనవాళ్లందరూ చేసే పనే చేశాడు. ఫోను పట్టుకుని కారు చుట్టూ తిరుగుతూ, వంగి, పాకి, పాత గీతలన్నిటికీ ఫొటోలు తీశాడు. ఈలోగా కౌంటరులో అమ్మాయి రత్నమాలని పిలిచి, రెండో డ్రైవర్ పేరు రాయించుకోవడం ఈ వారం ఉచితం, ఎవరైనా ఉన్నారా అని అడిగింది. పాస్‌పోర్టుతో పాటే తీయించుకున్న విదేశీ లైసెన్సు రత్నమాల దగ్గర ఉంది. ఇచ్చింది. ఇంట్లోవాళ్లకి చెప్పలేదు. వాళ్లెవరూ అడగనూ లేదు.

"ఇక్కడ ఏసీ బాగుంది బావా, నిదానంగా వెళ్లండి" అన్నాడు ఫణి కుర్చీలోంచి.

ఫ్రాన్స్ గేటు దగ్గర గంగరాజు ఏమీ పేచీ పెట్టలేదు. జేబులోంచి షాపు తాళాలు తీసి పట్టాభికి ఇచ్చాడు. "సోమారం మార్బుల్ లోడొత్తాదండీ. దింపేటప్పుడు దగ్గరుండి, పగిలినియ్యి పక్కనెట్టించండి" అని చెప్పి, చొక్కా సర్దుకుని దిగాడు. దిగినవాళ్లని ఏం చేస్తారోనని బెంగ పెట్టుకోనక్కర్లేదు. నీలం చొక్కా ఇచ్చి ఓ బూత్‌లో కూర్చోబెట్టి, వెనక వచ్చే కార్లని చూసుకోమంటారు. అక్కడి టోల్‌గేట్లకి అన్నన్ని లైన్లు ఉండేది అందుకే.

ఇటలీ వచ్చింది. టికెట్టు తీసుకున్నారు. ఇక వెనక సీట్లో రత్నమాల ఒక్కతే, ఒళ్లో పులిహోర డబ్బాతో. పచ్చ బోర్డుల మీద వెనిస్ పేరు కనపడినప్పుడల్లా ఇంకెన్ని కిలోమీటర్లో చదువుకునేది.

"అన్నయ్యా, కాస్త నెమ్మదిగా పోనీయవా?"

"పొద్దుపోయాక అప్పగిస్తే ఆలస్యానికి ఇంకో మనిషిని అడుగుతారమ్మా. ఎవరున్నారు ఇవ్వడానికి?" అన్నాడు పట్టాభి. నిజమే కదా అనుకుంది ఆవిడ. డబ్బా మూత మాత్రం తీస్తూ వేస్తూనే ఉంది.

దారిలో పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు హైమవతికి కొత్త దిగులు పట్టుకుంది. "వెనిస్‌లో వంటగది ఉన్న రూము తీసుకున్నాం కదండీ. రత్నమాల దిగిపోతే వంటెవరు చేస్తారు?"

పట్టాభి ఆలోచించాడు. మన హైవేల మీద టోల్‌గేటు కనపడగానే కారుని కాలవగట్టు మీదికి దింపేసి, రెండు ఊళ్లు చుట్టి గేటుకి అవతల తేలడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. బంకు వెనకాల రొట్టెల వ్యాన్ వచ్చేందుకు చిన్న గేటొకటి తెరిచి ఉంది. ఆఁ, ఎక్కడైనా మనుషులే కదా, దారి ఉండకపోదు! కారు అందులోంచి బయటికి పోనిచ్చాడు. పొలాల మధ్య రోడ్డు, అటూ ఇటూ ద్రాక్షతోటలు. ఎవరైనా ఆపితే సాక్ష్యం ఉండకూడదని టికెట్టు నాలుగు ముక్కలు చేసి కిటికీలోంచి వదిలేశాడు. వెనక సీట్లో రత్నమాల ఏడ్చేసింది. అన్నయ్య తన కోసమే ఇదంతా చేస్తున్నాడనుకుంది. ఆవిడ అలా అనుకోవడం పట్టాభికీ బాగానే ఉంది, కాదనలేదు.

ఆ రోడ్డు వంపులు తిరిగి తిరిగి, ఇంకో పెట్రోలు బంకు వెనక గేటులోంచి మళ్లీ అదే హైవే మీదికి తీసుకొచ్చి పడేసింది. వెనక లారీ. వెనక్కి తిప్పే వీల్లేదు. ఎదురుగా దిగే గేటు.

బూత్‌లో నీలం చొక్కాలో ఉన్నాయనది నెల్లూరు. నంబరు ప్లేటు వైపు చూడకుండా పులిహోర వాసన పట్టి తెలుగులోనే పలకరించాడు.

"టికెట్టు సార్?"

"పోయిందండీ."

"టికెట్టు లేకపోతే మొట్టమొదటి గేటు కాడ్నించీ వచ్చినట్టే లెక్క. ఇద్దర్ని దించాల."

"అదేంటండి బాబూ! ఒక్కళ్లకే ప్లాను చేసుకున్నాం. మనం మనం తెలుగువాళ్లం, కాస్త చూడండి."

"తెలుగోళ్లు గాబట్టే మంచిగా చెప్తా ఉండా. మా బావ నన్ను ఈడ దించేటప్పుడు ఆయనా ఇట్నే బేరమాడినాడు" అన్నాడాయన, కోపమేమీ లేకుండా.

పట్టాభి నిట్టూర్చి భార్య వైపు తిరిగాడు. "తప్పదు మరి హైమా. డ్రైవర్ని తీసుకోరు కదా."

"నన్నా?" అంది హైమవతి. ప్లాను మొత్తం ఆవిడే వేసింది. అందులో తన పేరు ఎక్కడా లేదు. వెనక హారన్లు మోగుతున్నాయి.

నెల్లూరాయన కంప్యూటర్‌లోకి చూశాడు. "ఈ బండికి ఇద్దరు డ్రైవర్లుండారే. రత్నమాల అంటే ఎవురు?"

పట్టాభి పెద్దగా నవ్వాడు. "రత్నమాలకి డ్రైవింగేంటండీ!"

"పిల్లల్ని రోజూ కారులో తిప్పేది నేనే కదన్నయ్యా" అంది రత్నమాల, లైసెన్సు తీసి చూపిస్తూ. రోజూ తిప్పుతున్న మాట నిజమే. అది డ్రైవింగ్ అని పట్టాభికి ఏనాడూ తట్టలేదు. నవ్వు ఆగిపోయింది.

"ఎవురు నడపతారో మీరే అనుకుని చెప్పండి" అన్నాడు నెల్లూరాయన.

పట్టాభి నడిపితే ఆడవాళ్లిద్దరూ దిగాలి. రత్నమాల నడిపితే మొగుడూ పెళ్లాం దిగాలి. ఎటు చూసినా హైమవతి దిగక తప్పదు. తనకి ఏమీ కలిసిరాని విషయంలో ఆవిడ తీర్పు చెప్పడం పెళ్లయ్యాక అదే మొదలు.

"రత్నమాల నడుపుతుంది" అంది.

"హైమా!"

"ఇందాక నన్ను దింపబోయినప్పుడు మీరు నన్నడిగారా?" అని, కిందికి దిగి రత్నమాల భుజం మీద చెయ్యి వేసింది. "చిన్నాడికి జలుబు, పెరుగు పెట్టకు. పెద్దది లెక్కల పరీక్షంటే భయపడుద్ది, పక్కన కూర్చో." పట్టాభి కారు తాళంచెవి ఇస్తూ, "గీత పడకుండా చూడు" అన్నాడు.

గీత పడలేదు. రత్నమాల వెనిస్ చేరి కారు అప్పగించింది. రైలు దిగిన ఫణి, అక్కా బావా ఏరని అడిగి, విషయం తెలిశాక, "అయ్యయ్యో, టికెట్టు పారేసుకున్నారా!" అని చాలా నొచ్చుకున్నాడు. పడవకి ముందే డబ్బు కట్టేశారు కనక వృథా చేయకూడదని ఇద్దరూ ఎక్కారు. ఫొటో ఫణి తీశాడు. ఫొటోలో రత్నమాల ఒక్కతే ఉంది. ఇంటికొచ్చాక పిల్లలు అమ్మా నాన్నా ఏరని అడిగారు. చెప్పింది. చిన్నాడు ఏడ్చాడు, పెద్దది ఊరుకోబెట్టింది, ట్యూషన్‌కి టైమైందని కారెక్కారు. ఫ్యామిలీ గ్రూపులో బంధువులంతా ఫొటో బాగుందని, ఖర్చు కాస్త అటూ ఇటూ అయినా ఇలాంటివి ఒకసారి చూడాల్సిందేనని రాశారు.

మరుసటి వేసవికి ఫణి స్విట్జర్లాండ్ అన్నాడు. అక్కడ గేట్లుండవు, ఏడాదికి సరిపడా కారుకి ఒక్క స్టిక్కరు, స్టిక్కరుకి ఒక్క మనిషి. చాలా చవక. రత్నమాలకి మొదట వెళ్లాలనిపించలేదు. ఆ బూత్‌లు ఇంకా గుర్తున్నాయి. తర్వాత పిల్లలూ ముచ్చటపడుతున్నారు కదా అనుకుంది. డ్రైవర్ తనే కదా అని కూడా అనుకుంది.

ఆ ఆదివారం కారు తీసుకుని గంగరాజు ఇంటికి వెళ్లింది. గంగరాజు భార్య లోవకుమారి వాకిట్లో మిషను కుడుతోంది. రత్నమాల ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది.

"నువ్వు లేకపోతే ట్రిప్పేముంటుంది లోవకుమారీ! నువ్వు రావాల్సిందే."

లోవకుమారి కళ్లు నిండాయి. "మా ఆయన కూడా అటేపే కదండీ ఉండేది. దారిలో ఓసారి ఆపుతారా అండి?"

"ఎందుకాపం!" అంది రత్నమాల. స్విట్జర్లాండ్ దారి వేరని ఆవిడకి తెలుసు.

పాస్‌పోర్టు ఫొటో ఆ రోజే దింపించేద్దామని కారు ముందు సీట్లో ఎక్కించింది. లోవకుమారికి సీటు బెల్టు పెట్టుకోవడం రాలేదు. రత్నమాలే వంగి పెట్టింది.