ఘనా సముద్రం, మేడిపల్లి ప్లాటు

నా బామ్మర్ది బాలరాజు నా కొంప ముంచాడు. వాడు అన్యాయం చేసి ముంచలేదు, ఫ్రీ టికెట్లిచ్చి ముంచాడు. అన్యాయం చేసినవాడిని నలుగురిలో తిట్టుకోవచ్చు. టికెట్లిచ్చినవాడిని ఏమని తిట్టాలి? మీరే చెప్పండి.

నేను ఏడో తరగతిలో బడి మానేసి నాచారం ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో చేరినవాణ్ణి. బాలరాజు నా మిషన్ దగ్గరే పని నేర్చుకున్నాడు. బకెట్‌కు చెవులు ఎటు వస్తాయో వాడికి చూపించింది నేను. అటువంటివాడు ఘనా దేశం పోయి, అక్కడి బకెట్ల కంపెనీలో సూపర్‌వైజరై కూర్చున్నాడు. నేనింకా ఇక్కడ చెవుల దగ్గరే ఉన్నాను.

ఉప్పల్‌లో మెట్రో స్తంభాల కోసం రోడ్డంతా తవ్వి పెట్టిన రోజుల్లో వాడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"బావా, కంపెనోళ్ళు ఏడాదికోపారి ఇంటోళ్ళకు రెండు టికెట్లిస్తరు. నాకింక పెండ్లి గాకపాయె. నువ్వు, అక్క రాండ్రి."

ఊరికే వచ్చేదాన్ని కాదనే వంశం కాదు మాది. పాస్‌పోర్టులు తీశాం. ఆ దేశపు జ్వరం రాకుండా సూదులు పొడిపించుకున్నాం. నా జబ్బ పూరీలా పొంగింది. అంటే ఇక వెనక్కి తిరిగే దారి లేదన్నమాట.

రెండో ఫోను స్పీకర్లో పెట్టి విన్నాం.

"నాకు ఒక్క ఐతారమే సెలవు, కంపెనీ కారు ఆ ఒక్క రోజే ఇస్తరు. ఏ బీచికి పోదామో ఇప్పుడే జెప్పుండ్రి. ఒకటి లబాడి. ఊర్లెనే ఉంటది. కుర్చీలేస్తరు, గుర్రాలు తిరుగుతయి, నిప్పుల మీద మక్కకంకులు కాల్చిస్తరు. ఇంకోటి కోక్రోబితె. డప్పులు మస్తు గొడ్తరు."

"బోనాలకు ఉప్పల్ల గొట్టే డప్పులకే నా చెవులు పోయినయి. మల్ల దానికోసం ఇమానమెక్కాల్నా?" అన్నాను.

"అయితే అడా అనే ఊరికి పోదాం. ఓల్టా అనే పెద్ద నది వచ్చి సముద్రంల గలుస్తదక్కడ."

నా భార్య తారామణి చేతిలోని చిక్కుడుకాయ కింద పడింది. "సంగమం!" అంది. "తమ్మీ, గదే. నేను, మీ బావ సరిగంగ స్నానం జేస్తం."

సరిగంగ స్నానమంటే మొగుడూ పెళ్ళాం కొంగులు ముడేసుకొని, చేతులు పట్టుకొని, ఒకేసారి తల మునిగేలా మూడు మునకలు వెయ్యడం. చెంబుకు మించిన నీళ్ళు చూస్తే నాకు కాళ్ళు ఆడవు. ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదని నా ధీమా. పోయిన గోదావరి పుష్కరాల్లో కూడా జనం చాటున చెంబుతో తల తడుపుకొని, పళ్ళు కొరుకుతూ వణికి, స్నానమైందనిపించినవాణ్ణి.

"లబాడి పోదామే. మక్కకంకులు..."

"మక్కకంకులు ఉప్పల్ చౌరస్తల లేవా?" అంది తారామణి. అంతటితో బీచి సంగతి తేలిపోయిందని ఫోను పెట్టేసింది.

ఇక నేను పథకం వేశాను. మా కింది వాటాలో ఇంటి ఓనరు జనార్ధనరావు గారుంటారు. రైల్వేలో రిటైరై, బందరు నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. సముద్రం గురించి ఆయన చెబితే మా వీధిలో తిరుగులేదు. రెండు కొత్త బకెట్లు తీసుకుపోయి ఆయన గుమ్మంలో పెట్టాను.

"సార్, సంగమం కాడ సుడులుంటయని, మొసళ్ళుంటయని మా ఇంటామెకు జర భయం జెప్పుండ్రి."

"దానికేం భాగ్యమయ్యా, చెప్పేస్తాను" అని బకెట్లు లోపల పెట్టించారు.

సాయంత్రం మా ఇంట్లో కుర్చీ వేసుకు కూర్చుని బాగానే మొదలెట్టారు. "అమ్మాయ్, సంగమం దగ్గర నీళ్ళు మహా ఉరవడిగా ఉంటాయి సుమా. కృష్ణ సముద్రంలో కలిసే హంసలదీవిలో నేనూ మా ఆవిడా సరిగంగ స్నానం చేసినప్పుడు..." అని ఆగిపోయారు. ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ ముడి వేసిందెవరో, ఆవిడ కట్టుకున్న చీరె రంగేమిటో, ఆవేళ తిన్న పులిహోర రుచేమిటో అన్నీ చెప్పారు. ఏడు జన్మలు విడిపోరని చెప్పారు. సుడి మాటెత్తలేదు.

నేను దగ్గాను. "సార్, మొసళ్ళు..."

"ఆఁ! మొసళ్ళు కూడా ఉంటాయిట!" అన్నారు ఉత్సాహంగా. "గంగమ్మ వాహనమే మొసలి కదమ్మా! అంతకంటే ఏం కావాలి?"

తారామణి రెండు చేతులూ జోడించింది. నా రెండు బకెట్లూ పోయాయి.

పోతూ పోతూ ఆయన నన్నే అడిగారు: "ఏవయ్యా చంద్రయ్యా, నీకు నీళ్ళంటే భయం లేదు కదా?"

అక్కడే నా నోరు నన్ను పట్టిచ్చింది. "భయమా? నాకా?" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. కానీ నాకు మేడిపల్లి ప్లాటు గుర్తొచ్చింది. దాన్ని అమ్మి సొంతంగా బకెట్ల మిషన్ పెట్టాలని నేను, అక్కడే రెండు గదులు వేసుకుందామని తారామణి, ఆరేళ్ళుగా కొట్టుకుంటున్నాం. ఇదే సందని తారామణి వైపు తిరిగి, "నేను మూడు మునకలు మునిగితే ప్లాటు అమ్ముత, నువ్వు నోరెత్తద్దు. మునగకపోతే నీ పేర రాసిస్త" అన్నాను. ఘనా పోయాక నడుం పట్టిందనో, అల వచ్చి ముంచేసిందనో ఏదో ఒకటి చెప్పొచ్చని నా లెక్క.

"సారు సాక్ష్యం" అంది తారామణి వెంటనే. "గని గంత దూరం పోయినంక నువ్వు నడుం నొస్తుందంటవు. ఈ ఐతారం మన డాబ మీదనే తేలుద్దాం. మీ ఫ్యాక్టరీల బర్లకు నీళ్ళు వెట్టే ప్లాస్టిక్ తొట్లు జేస్తరుగదా, ఒకటి తే."

తెచ్చాను. తేకపోతే భయమని తేలిపోతుంది. తెచ్చేముందు మాత్రం ఆ నీలం తొట్టి అడుగున బొటనవేలంత రంధ్రం చేసి మైనంతో మూశాను. కూర్చోగానే కాలి వేలితో మైనం తన్నేస్తే నీళ్ళు పోతాయి. నీళ్ళు లేని తొట్టిలో మునగమనే ధైర్యం ఏ పెళ్ళానికీ ఉండదు.

ఆదివారం డాబా మీద గల్లీలోని ఆడవాళ్ళందరూ చేరారు. ఎదురింటి సాలమ్మ పసుపు కుంకుమ తెచ్చింది, నేనేదో యుద్ధానికి పోతున్నట్టు. ఓ మూల పాత చీరె మీద జనార్ధనరావు గారి గుమ్మడి వడియాలు ఎండుతున్నాయి. తారామణి నా తువ్వాలకు తన కొంగు ముడేసి, తొట్టి బయట నిలబడింది.

"ముందుగాల నువ్వు మునుగు. నేను లెక్కవెడ్త."

కూర్చున్నాను. నీళ్ళు రొమ్ముదాకా వచ్చాయి. కాలి వేలితో మైనాన్ని తన్నాను.

నీళ్ళు పోయాయి. నేననుకున్నట్టు మెల్లగా కాదు, కాలువ తెగినట్టు పోయాయి. పోతూ పోతూ చీరె మీది వడియాలను కలుపుకొని డాబా గొట్టం దారి పట్టాయి. కింద గల్లీలో స్కూటరు మీద పోయేవాడి నెత్తిన గుమ్మడి వడియాల వాన కురిసింది.

"నా వడియాలు!" అని జనార్ధనరావు గారు మెట్ల మీంచి అరిచారు. "రెండు బకెట్లిచ్చి చీరెడు వడియాలు పట్టుకుపోయావు కదయ్యా!"

"తొట్టి పలిగింది" అన్నాను అమాయకంగా. "ఇంకేం జేస్తం? పందెం లేదు, ఏం లేదు."

తారామణి పిట్టగోడ దగ్గరికి పోయి, ముడి అడ్డమొస్తే నన్ను కూడా లాక్కుపోయి, కిందికి కేక వేసింది. "సాలమ్మ కొడుకా, ఆటోలున్న రెండో తొట్టి వైకి తేరా!"

"ఇంకో తొట్టెక్కడిదే?" అన్నాను.

"మొన్న నీ పాయింటు ఉతుకుతుంటె జేబులకెల్లి నీలం పొట్టు రాలింది" అంది. "తొట్టికి చిల్లు వెట్టినవని గప్పుడే తెలిసింది. అందుకే మీ సేటు నడిగి ఇంకోటి తెప్పిచ్చిన. రోడ్డంత తవ్విరి, ఆటోవాడు నాచారం నుంచి గుంతలల్ల వడుకుంట తెచ్చిండు. దీనికి మైనం లేదు, సూస్కో."

రెండో తొట్టి నిండింది. కూర్చున్నాను. గడ్డం తడిసింది. నీళ్ళు కింది పెదవిని తాకాయి. అంతే, తొట్టిలోంచి ఎగిరాను. ముడి బిగిసి మళ్ళీ తొట్టి అంచుమీదే పడ్డాను.

"మునుగనే! ప్లాటు నీదే! నన్ను ఇడిసిపెట్టుండ్రి!"

గల్లీ అంతా నవ్వింది. తారామణి నవ్వలేదు. దగ్గరికొచ్చి, తడవని నా తలను కొంగుతో తుడిచింది.

"పుష్కరాలప్పుడే సూసిన నిన్ను, చెంబు వట్టుకొని వణికేది" అంది మెల్లగా. "నలుగుట్ల పరువు వోతదని చెప్పలె. పన్నెండేండ్ల చీటీ పైసలు గట్టి కొన్న జాగయ్యా అది. అమ్మితె నీ మిషన్‌ల వడి కరిగిపోతుండె."

శుక్రవారం ఉప్పల్ రిజిస్ట్రేషన్ ఆఫీసులో నేను సంతకం పెట్టి, వేలిముద్ర వేసి, ప్లాటు తారామణి పేర రాసిచ్చాను. సాక్షి సంతకం జనార్ధనరావు గారిది. వడియాల మీద కోపంతో చాలా గట్టిగా పెట్టారు.

బయటికి రాగానే తారామణి తమ్ముడికి ఫోను కలిపింది.

"తమ్మీ, లబాడి పోదాం. నాకు, మీ బావకు నీళ్ళకు దూరంగ రెండు కుర్చీలు వేయించు. మక్కకంకులు గూడ."

నేను రోడ్డు మధ్యలో ఆగిపోయాను. "మరి సంగమం?"

"ఏం సంగమమయ్యా!" అంది, పత్రాలను బ్యాగులో పెట్టి జిప్పు లాగుతూ. "నాగ్గూడ నీళ్ళంటే భయమే. నువ్వు మునుగవని తెలిసే సంగమమన్న. తొట్టి బయట ఎందుకు నిలవడ్డననుకున్నవ్?"

ఇప్పుడు చెప్పండి, బాలరాజుని ఏమని తిట్టాలి? నేను ముందు కోరిన బీచికే పోతున్నాం, నేను కోరిన కంకులే తింటాం. పోయింది మాత్రం మేడిపల్లిలో నూట ఇరవై గజాలు, తూర్పు ముఖం.