ఇంకా తడి ఆరలేదు

ఆ శుక్రవారం పొద్దున్న మాణిక్యాంబ పెట్టుకున్న పని ఒక్కటే. చేసిన పసిబిడ్డ బొమ్మకు బుగ్గల మీద ఆఖరి పూత వేసి, నీరెండలో ఆరబెట్టి, సాయంత్రానికి మెత్తటి గుడ్డలో చుట్టి సువార్తమ్మ చేత మరిది సురేష్‌బాబు ఇంటికి పంపెయ్యాలి. మర్నాడు ఆ ఇంట్లో బారసాల. పిలుపు రాలేదు. రాదని ఆమెకు తెలుసు. తను వెళ్ళకపోయినా తన చేతి పని వెళ్తుంది కదా అనుకుంది.

రామచంద్రపురంలో మాణిక్యాంబ బొమ్మలు తెలియనివాళ్ళు తక్కువ. నానబెట్టిన కాగితం దంచి, చింతగింజల బంకతో కలిపి తలలూ కాళ్ళూ చేతులూ చేస్తుంది. ఒంటికి గుడ్డ, లోపల బూరుగు దూది, బరువుకు జల్లించిన గోదావరి ఇసుక. రంగు ఒక్కసారిగా పులిమెయ్యదు. ముందు చర్మం కింద నరాల్లా పల్చగా నీలం, దాని మీద ఎరుపు, దాని మీద గోధుమ, ఇలా ఏడు పూతలు. ఉడుత తోక కుంచెతో కనుబొమలు ఒక్కొక్క వెంట్రుకా గీస్తుంది. ఆ బొమ్మల్ని ఎవరైనా సరే తల కింద చెయ్యి పెట్టి మరీ ఎత్తుకుంటారు. పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళయింది. ఇంటి వెనక వసారాలో నూటికి పైగా పిల్లలు తయారయ్యారు. ఒక్కరూ ఏడవలేదు.

మొదటి బొమ్మ సురేష్‌బాబు కూతురు సుప్రియ కోసం చేసింది. ఆ పిల్ల నడక నేర్చింది ఈ వసారాలోనే. దొడ్డమ్మా అనడం నోరు తిరక్క ‘దొమ్మా’ అనేది. అలాంటి పిల్ల పెళ్ళిలో, మూడేళ్ళ కిందట తుఫాను వచ్చిన ఏడాది, బుట్టలో కూర్చోబెట్టి తీసుకురావడానికి మాణిక్యాంబ చెయ్యి చాపితే, పెద్దింట్లమ్మ గారనే ముసలావిడ, "పిల్లలు లేనిదానివి, నువ్వు వెనక్కుండమ్మా" అంది. ఆ మాట అన్నావిడ మీద మాణిక్యాంబకు కోపం రాలేదు. పక్కనే ఉండి నోరు విప్పని తోటికోడలు వెంకటదుర్గ మీద వచ్చింది. అప్పటినుంచి మాటల్లేవు. రెండు వీధుల దూరం కాస్తా ఏరు దాటినంత దూరమైంది.

ఇప్పుడు సుప్రియకు మగపిల్లాడు పుట్టి ఇరవై రోజులు. మాణిక్యాంబ వాణ్ణి చూడలేదు. చూడకుండానే వాడి బొమ్మ చేసింది. ఎలాగంటే, అక్కడ తల్లికీ బిడ్డకూ నీళ్ళు పోసే సువార్తమ్మ, పని ముగించుకుని రోజూ నేరుగా ఇక్కడికి వచ్చేది.

"నుదురు ఎంతుంటుంది సువార్తమ్మా?"

"నా మూడు వేళ్ళండి."

"చెవులో?"

"కుడి చెవి మామూలేనండి. ఎడం చెవికి పైన చిన్న మడతండి, అట్టు అంచు మడిచినట్టు."

"బరువు?"

సువార్తమ్మ బొమ్మ పొట్టలో కుట్టబోయే ఇసుక సంచీని రెండు చేతుల్లోకీ తీసుకుని, కళ్ళు మూసుకుని, కాస్త ఎత్తి దించి, "ఇంకో గుప్పెడు పొయ్యండమ్మా. నిన్నటికీ ఇవాళ్టికీ ఒళ్ళు చేశాడు" అనేది. అలా రోజుకో గుప్పెడు. అక్కడ పిల్లాడు పాలు తాగి పెరిగితే, ఇక్కడ సంచీ ఇసుక తాగి పెరిగింది.

పూత పూర్తి చేసి బొమ్మను చేటలో పాత చీర పరిచి పడుకోబెట్టి, అరుగు మీద పెట్టింది మాణిక్యాంబ. పురిటింట్లో పసిబిడ్డను మొదట పడుకోబెట్టేది కూడా చేటలోనే అన్న సంగతి ఆమెకు తట్టలేదు. ఎన్నో ఏళ్ళుగా ఆమె బొమ్మలు ఆరేది ఆ చేటలోనే.

పక్కింటి గోడ మీద ఒక తల లేచింది. చిన్నమ్మాయి గారిది. పేరు చిన్నమ్మాయే గాని వయసు డెబ్భై. కంటి ఆపరేషనుకని తుని నుంచి కూతురింటికి వచ్చి వారమైంది. కళ్ళకు నల్లద్దాలు. పక్కింట్లో బొమ్మలు చేస్తారని ఆవిడకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"ఏంటమ్మాయ్ చేటలో?"

"పిల్లాడండి పిన్నిగారూ." మాణిక్యాంబ కుంచె కడుక్కుంటూ తలెత్తకుండా అంది. "తాకకండేం. ఇంకా తడి ఆరలేదు."

"నా తల్లే! ఎప్పుడూ?"

"సోమవారం తల వచ్చిందండి. కాళ్ళూ చేతులూ వచ్చేసరికి బుధవారం అయింది."

చిన్నమ్మాయి గారు పడిపోకుండా గోడ పట్టుకుంది. "సోమవారం తల, బుధవారం కాళ్ళా! ఎంత నరకం పడ్డావే!"

"నడుం విరిగిపోయిందండి. అయినా వాడి మొహం చూశాక అవన్నీ ఎక్కడ గుర్తుంటాయి?"

"మరి మీ ఆయనేడీ?"

"ఆయనకివేం పట్టవండి. తోటలో కొబ్బరికాయ దింపిస్తున్నారు."

"ఓరి వీడి కొబ్బరికాయలు కాలా! ఇంతకీ వీడు ఎన్నోవాడమ్మా?"

"లెక్కెవరు పెట్టారండీ, నూరు దాటేశారు" అని నవ్వింది మాణిక్యాంబ.

పాపం, పచ్చి బాలింత, వేడి తలకెక్కేసింది అనుకుంది చిన్నమ్మాయి గారు.

ఆవిడ అక్కణ్ణించి నేరుగా పురోహితుడు అవధాని గారింటికి వెళ్ళింది. పిఠాపురం గుడికి ఏ రోజు బయల్దేరితే మంచిదో అడగడానికి వెళ్ళి, అది అడగడం మర్చిపోయి, ఇది చెప్పింది.

"భీమరాజు గారి భార్య మాణిక్యాంబకి మగపిల్లాడా!" అవధాని గారు పంచాంగం మూసేశారు. "అయితే తమ్ముడు సురేష్‌బాబుకి పురుడు కదండీ!"

బిడ్డ పుడితే ఆ అన్నదమ్ముల ఇళ్ళన్నింటికీ పది రోజులు పురుడు. పూజ లేదు, శుభకార్యం లేదు. అవధాని గారు శాస్త్రం దగ్గర మొహమాటపడే మనిషి కాదు. వెంటనే సైకిలెక్కి వెళ్ళి, గుమ్మం బయటే నిలబడి చెప్పేశారు.

"రేపటి బారసాల ఆపాలండి. మీ అన్నగారికి కొడుకు పుట్టాడు."

బూరెలకు పూర్ణం ఉండలు చేస్తున్న వెంకటదుర్గ చేతిలో ఉండ చేతిలోనే ఉండిపోయింది. "మా అక్కకా? నలభై నాలుగేళ్ళకా?"

"ఏదో బొమ్మ అయ్యుంటుందే" అన్నాడు సురేష్‌బాబు. ఆ రోజు ఆ ఊళ్ళో ఎవరైనా సరైన మాట అన్నారంటే అది అదొక్కటే. దాన్ని పొరుగింటి నూకరత్నం నిలవనివ్వలేదు.

"బొమ్మయితే సువార్తమ్మ రోజూ ఆ ఇంటికెందుకు వెళ్తుందండీ? బొమ్మకి నీళ్ళు పోస్తుందా? మూడు వారాల్నించీ ఆవిడ గడప దాటింది చూశారా? మొన్న బూరుగు దూది కూడా కొన్నారు, పక్క కోసం."

సువార్తమ్మనే అడుగుదామంటే ఆమె ప్రార్థన కూటానికి వెళ్ళిపోయింది. పిఠాపురంలో వియ్యాలవారికి ‘రావద్దు’ అని ఫోను చేయడానికి సురేష్‌బాబు చొక్కా వేసుకుని బయల్దేరాడు.

ఈలోగా భీమరాజు తోట నుంచి వస్తూ బుల్లియ్య టీ కొట్టు దగ్గర ఆగాడు.

"మగపిల్లాడంట కదా అన్నయ్యా!" బుల్లియ్య టీలో చక్కెర రెండింతలు వేశాడు.

తమ్ముడి మనవడి గురించే అనుకున్నాడు భీమరాజు. "అవున్రా. ఇరవై రోజులైంది."

"ఇరవై రోజులా! ఊరికి తెలీకుండా దాచేశారా! ఎలా ఉన్నాడు?"

"నేనింకా చూళ్ళేదురా."

కొట్టు దగ్గరున్న నలుగురూ గ్లాసులు దించేశారు.

"చూళ్ళేదా? అదేంటన్నయ్యా?"

"ఎవరూ పిలవలేదు. పిలవకుండా ఎలా వెళ్తాం?" అన్నాడు భీమరాజు, గ్లాసులోకి చూస్తూ. "అదైతే రోజూ వాడి గురించే చెబుతుంది. నాకు మాత్రం లేదా, చూడాలనీ!"

పెళ్ళాం పిలిస్తేగాని కన్నకొడుకుని చూడని మొగుణ్ణి బుల్లియ్య అంతవరకూ ఎరగడు. జాలిపడి రెండో టీ కూడా ఇచ్చాడు.

వెంకటదుర్గ మాత్రం ఫోను కోసం ఆగలేదు. పూర్ణం అంటిన చేతుల్తోనే లేచింది. కడుపుతో ఉండి తొమ్మిది నెలలు తనకు చెప్పలేదన్న ఉక్రోషంతో రెండు వీధులూ మూడు నిమిషాల్లో దాటేసింది. అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. బయల్దేరేముందు సుప్రియ కోసం చేసిన బాలింత కాయం డబ్బా, వెల్లుల్లి మూట, నాలుగు పాత చీరల గుడ్డలు చంకన పెట్టుకునే బయల్దేరింది.

"అక్కా!" వసారా గుమ్మంలోనే కేకేసింది. మూడేళ్ళ తరవాత మొదటి మాట అది. "నేను చచ్చాననుకున్నావా? పురుడు పోసుకుని లేచి తిరుగుతున్నావేంటి? చల్లగాలి తగుల్తుంది, చెవుల్లో దూది పెట్టుకో ముందు!"

తోటికోడలు తిడుతోంది. తిట్టనీ, ఎంతసేపైనా తిట్టనీ అనిపించింది మాణిక్యాంబకు.

వెంకటదుర్గ కాయం డబ్బా కింద పెట్టి, చేట దగ్గరకు వెళ్ళి, వంగి చూసింది. ఆగిపోయింది.

"వీడు... వీడు మా వాడు కదా?"

వేలితో బుగ్గ ముట్టుకుంది. వేలికి ఎర్రగా రంగు అంటింది. ఆ వేలిని చూసుకుంటూ నేల మీద చతికిలబడింది.

"చూడకుండా ఎలా చేశావక్కా?"

"సువార్తమ్మ చెప్పింది."

"చెవి మడత కూడానా?"

"అదే ముందు చెప్పింది."

వెంకటదుర్గ చేటలోకి మళ్ళీ చూసింది. "అంతా వాడే. ఒక్క చెయ్యే తప్పు. వాడు గుప్పిళ్ళు మూసుకునే ఉంటాడు. నువ్వు తెరిచి చేశావు."

"తెలుసు. అదీ చెప్పింది" అంది మాణిక్యాంబ. "తెరిచి ఉంటే, ఎవరైనా వేలు పెట్టుకోవచ్చు కదా అని."

వెంకటదుర్గ చీర చెంగుతో కళ్ళొత్తుకుంది. "ఆ రోజు పెళ్ళిలో నేను మాట్లాడాల్సింది. నోరు పెగల్లేదు. తరవాత నీ మొహం చూడ్డానికి సిగ్గేసింది. సుప్రియ రోజూ అడుగుతోంది, దొమ్మ ఏదీ అని. రేపు నువ్వు రావాలి. బావగారినీ తీసుకునిరా."

సురేష్‌బాబు ఫోను దగ్గర వరసలో నిలబడి ఉండగానే కబురందింది. పిఠాపురం ఫోను అవసరం లేకపోయింది. అవధాని గారు కాగితానికి పురుడు లేదని ఒప్పుకున్నారు గాని, తాను పొరబడ్డానని మాత్రం ఒప్పుకోలేదు.

మర్నాడు ఇల్లంతా జనం. కొత్త ఉయ్యాలకు చామంతి దండలు కట్టారు. "బిడ్డని ఉయ్యాల్లో ఎవరు వేస్తారమ్మా?" అన్నారు అవధాని గారు.

"మా అక్క" అంది వెంకటదుర్గ, అందరికీ వినపడేలా. సుప్రియ లేచి బిడ్డను దొడ్డమ్మ ఒళ్ళో పెట్టింది.

మూల నుంచి పెద్దింట్లమ్మ గారి గొంతు లేచింది. "అదేంటి దుర్గా? కన్నతల్లి చెయ్యి పడాలి గాని, పిల్లల్ని కననిదాని చేత..."

వెంకటదుర్గ ఈసారి నోరు విప్పబోయింది. కాని ఆమెకంటే ముందే నల్లద్దాల చిన్నమ్మాయి గారు లేచింది. కూతురు ఊళ్ళో లేకపోవడంతో, జరిగిన సంగతి ఆవిడకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

"కనకపోవడం ఏంటండీ! సోమవారం తల, బుధవారం కాళ్ళు! నిన్న నా కళ్ళతో చూశాను! అంత కష్టం మీరు పడ్డారా, నేను పడ్డానా? పచ్చి బాలింతని పట్టుకుని ఆ మాటలేంటండీ? ఎవరైనా పీటెయ్యండమ్మా, అది కూర్చోడానికి!"

ఎవరూ ఆవిణ్ణి సరిదిద్దలేదు. నూకరత్నం పీట తెచ్చి వేసింది. అవధాని గారు పెద్దింట్లమ్మ గారికి సందివ్వకుండా గట్టిగా మంత్రం ఎత్తుకున్నారు.

మాణిక్యాంబ పిల్లాణ్ణి చూస్తోంది. నుదురు మూడు వేళ్ళే. ఎడం చెవికి మడత ఉంది. బరువు ఒక గుప్పెడు ఎక్కువే ఉన్నట్టుంది. మూసుకున్న గుప్పిటకు చూపుడువేలు తాకించింది. గుప్పిట విచ్చుకుని, ఆ వేలిని పట్టుకుని, మళ్ళీ మూసుకుంది. అంతలో ఒళ్ళో వెచ్చగా తగిలి, కొత్త పట్టుచీర మోకాలిదాకా తడిసిపోయింది.

"అయ్యో అక్కా, చీర! వాణ్ణిలా ఇచ్చెయ్" అని వెంకటదుర్గ చేతులు చాపింది.

మాణిక్యాంబ బిడ్డను ఇంకాస్త దగ్గరకు పొదువుకుంది.

"తాకకు దుర్గా. ఇంకా తడి ఆరలేదు."